సిరాజుద్దీన్ కారు మీద నిద్రగన్నేరు

ఏలూరు పవరుపేటలో కారున్న వాళ్ళందరూ ఏదో ఒకనాడు సిరాజుద్దీన్ ముందు నిలబడి తమ నడుము గురించి చెప్పుకున్నవాళ్ళే. ఆయన డాక్టరు కాదు. కార్లకు సీటు కవర్లు కుడతాడు. "ఎడమ పక్క గుంటపడిందండీ, నడుం పట్టేస్తోంది" అని వాళ్ళు వాపోతే, సీటు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, నాడి చూసినంత సేపు చూసి, "ఫోము పోయిందండి. తప్పు మీది కాదు" అనేవాడు. ఆ రెండో మాట వినడం కోసమే కొందరు బాగున్న సీట్లు కూడా పట్టుకొస్తారని బజార్లో ఒక వదంతి. తప్పెవరిదో తేల్చమని ఎవరేం తెచ్చినా, అది ఎవరిదీ కాదని తేల్చి పంపడం ఆయన తత్వం. పక్క కొట్టువాడు బల్ల జరిపినా, కరెంటు పోయినా, రెగ్జిను తప్పు రంగులో వచ్చినా అదే తీర్పు.

మూడు దశాబ్దాలు ఇతరుల కార్లలో ఎక్కి, అవి అంగుళం కదలకముందే దిగిపోయిన ఆ మనిషి, తల నెరిశాక ఒక పాత తెల్లకారు సొంతానికి కొన్నాడు. కొన్న రోజునే దాని సీట్లు చీల్చి అవతల పారేశాడు. తర్వాత ఖాతాదార్ల పని ముందు, మన పని వెనక అనే వృత్తి ధర్మం అడ్డొచ్చి, ఆ కారు కొన్నాళ్ళు సీట్లు లేకుండానే తిరిగింది. ఆ కాలంలో ఆయన భార్య షహనాజ్ ముందు భాగంలో ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చునేది.

"ఊరందరికీ పట్టుపరుపులు, కట్టుకున్నదానికి స్టూలూనా?" అని ఆవిడ బ్రేకు పడినప్పుడల్లా అడిగేది.

చివరికి మెరూన్ రెగ్జిను, మీగడ రంగు అంచుకుట్టుతో ఆయన వేసిన సీట్లు చూసి ఆవిడ నోట మాట రాలేదు. పాతికేళ్ళ కాపురంలో అది రెండోసారి. మొదటిసారి పళ్ళు పీకించుకున్నప్పుడు.

ఆ కారు విషయంలో మొగుడూ పెళ్ళాలకు ఒకటే తగాదా వచ్చింది. అది ఇన్సూరెన్సు గురించి. థర్డ్ పార్టీ ఒక్కటి చాలునని ఆయన వాదన.

"నేనెవర్నీ గుద్దను కదా," అన్నాడు.

"మీరు గుద్దరు. మిమ్మల్ని గుద్దేవాళ్ళ సంగతేంటి?"

"వాళ్ళకుంటుందిగా ఇన్సూరెన్సు."

"గుద్దేవాళ్ళందరికీ ఉంటుందా? వీధిలో గేదెకుందా?"

గేదె దగ్గర వాదన ముగిసింది. ఇన్సూరెన్సు ఏజెంటుగా చేసే ఆయన అన్న కొడుకు రఫీ, అదే అదనుగా ఫుల్ కవర్ రాసేశాడు. అప్పట్నించీ సిరాజుద్దీన్ ఆ పాలసీని దిష్టి నిమ్మకాయతో సమానంగా చూసేవాడు: పనిచేస్తుందో లేదో తెలియదు, తీసేయడానికి మాత్రం ధైర్యం చాలదు.

కారొచ్చాక బంధువుల ఇళ్ళకూ స్నేహితుల ఇళ్ళకూ దాన్ని చూపించి రావడం ఒక మర్యాద. అందరి వంతూ అయింది, ముదినేపల్లి గంగాధరరావు వంతు ఒక్కటే మిగిలింది. అది చిన్న నేరం కాదు. గంగాధరరావు వరి రైతు. ఏనాడో ట్రాక్టరు సీటు కుట్టించుకోవడానికి ఏలూరు వచ్చి, పని పూర్తికాక మధ్యాహ్నం అక్కడే చిక్కుకుపోతే, షహనాజ్ ఇంటినుంచి అన్నం పంపింది. తిని, చెయ్యి కడుక్కుని, "వంట చేసినావిడ నాకు చెల్లెలితో సమానమండి" అని ప్రకటించాడు. దాంతో సిరాజుద్దీన్‌కు బావగారు కాక తప్పలేదు. ఆనాటి నుంచీ అటునుంచి బియ్యం బస్తా, ఇటునుంచి రంజాను సేమ్యా నడుస్తున్నాయి. ట్రాక్టరు మూడుసార్లు మారింది గానీ ఈ రాకపోకలు మారలేదు.

"బావగారూ, కారు కొన్నారని దారిన పోయేవాళ్ళు చెబితే తెలుసుకోవాల్సి వచ్చిందండి," అని ఫోన్లో ఆయన అంతకంటే ఎక్కువేమీ అనలేదు. డెల్టాలో కోపం ఇంతకు మించి పెరగదు.

మే నెలలో ఒక ఆదివారం సిరాజుద్దీన్ దంపతులు బయల్దేరారు. కొల్లేటి దారి పొడుగునా చేపల చెరువుల మీంచి వేడిగాలి కొడుతోంది. మండవల్లి దాటాక షహనాజ్ సీటు చేత్తో నిమిరి, "చెమట పట్టట్లేదండీ" అంది. ఆ మాటతో ఆయనకు మిగతా దారంతా ఏసీ అక్కర్లేకపోయింది.

గంగాధరరావు ఇంటి ముందు ఒక నిద్రగన్నేరు చెట్టుండేది. ఆ చెట్టు గురించి ముందే చెప్పుకోవాలి. అది ఆయన ఇంటికీ పక్కింటి దేవరాజు ఇంటికీ మధ్య, పంట కాలవ గట్టును ఆనుకుని ఉండేది. అది తన తాత నాటిందని గంగాధరరావు, తన తాత నీళ్ళు పోసిందని దేవరాజు ఇరవై ఏళ్ళుగా అనుకుంటున్నారు. పెద్దమనుషుల్లో పెట్టారు, కొలతలు వేయించారు. ఆ లోగా జిల్లాలు చీలి, ముదినేపల్లి కృష్ణా జిల్లాలోంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. చెట్టు కదలకుండానే జిల్లా మారింది గానీ యజమాని మాత్రం తేలలేదు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుందామన్నా, నిద్రగన్నేరు కాయలు మేకలు తప్ప ఎవరూ తినరు. కనక తగువు పూర్తిగా గౌరవానికి సంబంధించింది. అది కూడా గౌరవంగానే నడిచేది.

"దేవరాజు గారూ, చెట్టు మీదంటారు కదా, ఆకులు ఊడ్పించుకోండి."

"ఆకులు మీ వైపుకే వస్తున్నాయండి, గాలి మీదేమోనండి."

సిరాజుద్దీన్ కారును గడ్డివాము పక్కన, ఎండలో ఆపాడు. గంగాధరరావు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"అక్కడేంటండీ బావగారూ! నీడలో పెట్టండి, నీడలో!"

"పరవాలేదండి, ఇక్కడ..."

"మా ఇంటికొచ్చిన బండి ఎండలో ఉంటే నేనన్నం ఎలా తింటానండీ?"

ఆ ఇంట్లో అదొక కట్టుబాటు. మనిషికి మంచినీళ్ళు ఇచ్చేలోపు బండికి నీడ ఇవ్వాలి. తన మోటారుసైకిలునూ, అల్లుడిచ్చిన స్కూటరునూ ఎండలోకి ఈడ్చేసి, కారును చెట్టు కిందికి దగ్గరుండి పెట్టించాడు. సిరాజుద్దీన్ దిగుతూ తలెత్తి చూశాడు. కొమ్మలు చీలే చోట మనిషి తల దూరేంత తొర్ర.

"ఆ తొర్ర..."

"దానికేం భయం లేదండి. మా తాతగారి నాటి తొర్ర. దానికే ఎనభై ఏళ్ళు!" అన్నాడు గంగాధరరావు, తొర్రను కూడా తాతే నాటినంత ధీమాగా.

ప్రహరీ అవతల్నించి దేవరాజు గొంతు వినిపించింది. "నా చెట్టు నీడన ఎవరండీ చుట్టాలు?"

"మా చెట్టు నీడన మా బావగారండీ!"

"ఆయ్, మంచిదండి. ఉండమనండి."

లోపల గంగాధరరావు భార్య తులసి కొరమీను పులుసు వడ్డించింది. రెండో వాయి అన్నంలో ఉండగా గాలి లేచింది. ముందు గడ్డివాము మీద పట్టా కొట్టుకుంది. తర్వాత ఆకాశం ఇత్తడిగిన్నె అడుగులా నల్లబడింది. తర్వాత, భూమికి కుట్టు విప్పినట్టు ఒక పొడుగాటి చప్పుడు వచ్చింది. కుట్లు విప్పడం సిరాజుద్దీన్ వృత్తి. ఆ చప్పుడు మంచి కోసం కాదని ఆయన పిడికిట్లో ముద్ద ఉండగానే గ్రహించాడు.

బయటికి వచ్చేసరికి నిద్రగన్నేరు వేళ్ళతో సహా లేచి, కారు మీద పడుకుని ఉంది. పైకప్పు డ్రైవరు వైపు లోనికి కూరుకుపోయింది. పగిలిన అద్దంలోంచి మెరూన్ సీటు మీద వాన పడుతోంది. సిరాజుద్దీన్ వంగి, అద్దంలోంచి చెయ్యి పెట్టి సీటు తడిమాడు. కుట్టు ఒక్కటీ పోలేదు. అది ఓదార్పో, మరింత బాధో ఆయనకే తెలియలేదు.

గంగాధరరావు కారు చుట్టూ తిరుగుతున్నాడు. "నేను... నీడలో పెట్టమన్నది నేను..." అంటున్నాడు. అంతలో ప్రహరీ పైన గొడుగు, దాని కింద దేవరాజు తల కనిపించాయి.

"గంగాధరరావు గారూ! మీ చెట్టు పడిపోయిందండీ!"

వానలో గంగాధరరావు నిలబడిపోయాడు. "ఏమన్నారూ?"

"మీ చెట్టండి. కారు మీద పడింది. ఎవరిదోనండి పాపం, ఖరీదైన కారు."

"ఎవరి చెట్టన్నారూ?"

"మీదేనండి బాబూ! నేనెప్పుడన్నా కాదన్నానా? ఊరంతా సాక్ష్యం!"

ఇరవై ఏళ్ళుగా పెద్దమనుషులు, కొలత గొలుసులు, రెండు జిల్లాలు తేల్చలేని వ్యాజ్యం ఒక్క గాలివానలో తేలిపోయింది. గంగాధరరావు ముఖంలో దుఃఖమూ విజయమూ ఒకదాన్నొకటి తోసుకుంటూ కనిపించాయి. సిరాజుద్దీన్ అది చూశాడు. బావగారికి కన్నీళ్ళొచ్చాయి గానీ అవి ఏ ఖాతాలోవో విడదీయడం కష్టం.

షహనాజ్ అప్పటికే రఫీకి ఫోన్ చేసింది. వాడు స్పీకరులో గట్టిగా చెప్పాడు: "చాచా, కారు కదపొద్దు, కొమ్మ కొట్టొద్దు. అన్ని వైపుల్నించీ ఫోటోలు తీయండి. ఫుల్ కవర్ ఉంది కాబట్టి గాలివాన, చెట్టు అన్నీ అందులోకే వస్తాయి. నష్టం లెక్కకట్టడానికి రేపు కంపెనీ సర్వేయరు వస్తారు." సిరాజుద్దీన్ షహనాజ్ వైపు చూడకుండా చెట్టు వైపు చూశాడు. ఆవిడ కూడా, అది గొప్పతనం, ఏమీ అనలేదు.

"ఇంకో మాట చాచా. చెట్టు ఎవరిదని అడుగుతారు. గాలికి పడితే ఎవరి తప్పూ లేదు. కానీ అది పుచ్చిపోయిందని ఓనరుకి ముందే తెలిసి కొట్టించకుండా ఊరుకుంటే మాత్రం, కంపెనీ మీకు డబ్బిచ్చి, దాన్ని ఆయన దగ్గర వసూలు చేసుకోవచ్చు. నోటీసులు, కోర్టు... చూసి మాట్లాడండి."

ఫోను పెట్టేశాక సిరాజుద్దీన్ తొర్ర వైపు చూశాడు.

మర్నాడు పొద్దున్నే పరామర్శ మొదలైంది. ఊళ్ళో ఎవరింట్లో ఏం జరిగినా వెళ్ళి పలకరించడం ధర్మం. కారుకు జరిగితే ఏం చెయ్యాలో ముందు తరాలు చెప్పి ఉండకపోవడం వల్ల, జనం మనుషులకు చేసే పద్ధతే పాటించారు. వరసగా వచ్చి, కారు ముందు చేతులు కట్టుకుని కాసేపు నిలబడి, "ఎప్పుడండీ?" "నొప్పి తెలిసుండదులెండి" అన్న ధోరణిలో రెండు మాటలు చెప్పి, తులసి ఇచ్చిన కాఫీ తాగి వెళ్ళారు. ప్రతి ఒక్కరికీ గంగాధరరావు ఎదురెళ్ళాడు.

"మా చెట్టేనండి. ఏం చేస్తాం. మా తాతగారి చెట్టు."

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఇరవై ఏళ్ళు కాదన్న సొత్తు చేతికొచ్చినవాడు దాని గుణగణాలు చెప్పకుండా ఉండలేడు. "ఆ తొర్ర నాకు చిన్నప్పట్నించీ తెలుసండి. దాంట్లో చిలకలు గుడ్లు పెట్టేవి. తర్వాత చెదలు పట్టింది. మందు కొట్టించాను, తగ్గలేదు. దాని సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదండి!"

ఒక్కో మాటా సిరాజుద్దీన్ చెవిలో నోటీసులా పడింది. ఆయన బావగార్ని పక్కకు తీసుకెళ్ళాడు.

"బావగారూ, సర్వేయరు ముందు తొర్ర మాట ఎత్తకండి. అసలు చెట్టు మీదేనని కూడా గట్టిగా అనకండి. కాలవ గట్టు కదా, ప్రభుత్వానిదేమో..."

గంగాధరరావు ముఖం మాడిపోయింది. "మీరు కూడానా బావగారూ? దేవరాజే ఒప్పుకున్నాడు, మీరు ప్రభుత్వానికి రాసిచ్చేస్తున్నారు!"

"అలాక్కాదండి, మీ మీదికి వస్తుందని..."

"రానివ్వండి! మీ కారు పోయింది నా చెట్టు వల్ల. నా మీదికి రాక ఇంకెవరి మీదికి వస్తుందండీ?" అని కండువా దులిపి వెళ్ళిపోయాడు. తప్పు తనది కావడం ఆయనకిప్పుడు ఒక హక్కు.

సిరాజుద్దీన్ అరుగు మీద కూలబడ్డాడు. చెట్టు ఆయనది కాదంటే బావగారు బతికుండగా క్షమించడు. ఔనంటే, తొర్రతో సహా ఔననాలి. కంపెనీ నోటీసొకటి ఆ ఇంటి గుమ్మం తొక్కాక, బియ్యం బస్తా సేమ్యా పొట్లం ఏ ముఖంతో వస్తూపోతూ ఉంటాయి? కారు బాగుపడి, బావ పోతే ఆ కారేసుకుని ఎక్కడికి వెళ్ళాలి?

"ఏం చెప్పమంటావ్?" అని షహనాజ్‌ను అడిగాడు.

"జరిగింది చెప్పండి. మీకు అబద్ధం కుట్టడం చేతకాదు. కుట్టు పైకి కనబడిపోతుంది."

సర్వేయరు క్యాథరిన్ తాడేపల్లిగూడెం నుంచి తన కారు తనే నడుపుకుంటూ వచ్చింది. గంగాధరరావు అలవాటు కొద్దీ ఎదురు పరిగెత్తాడు. "నీడలో పెట్టండమ్మా!"

ఆవిడ చుట్టూ చూసింది. ఉన్న నీడంతా ఒక కారు మీద పడుకుని ఉంది. "ఎండే బాగుందండి," అని వాకిలికి దూరంగా ఆపింది.

పాలసీ చూసింది. "ఫుల్ కవరేనండి. ఉత్త థర్డ్ పార్టీ అయ్యుంటే ఈ చెట్టుకు నమస్కారం పెట్టి నేను వెనక్కి వెళ్ళిపోవడమే." షహనాజ్ కొంగు సర్దుకుంది. చాలా నెమ్మదిగా సర్దుకుంది.

ఫోటోలయ్యాక క్యాథరిన్ అడిగింది, "చెట్టు ఎవరిదండీ?"

"నాదమ్మా!" అన్నాడు గంగాధరరావు.

"ఆయనదేనండి!" అన్నాడు ప్రహరీ మీంచి దేవరాజు.

"పైన తొర్ర కనబడుతోంది. ఇది పడొచ్చని ముందే ఎవరికైనా తెలుసా?"

గంగాధరరావు ఛాతీ ఉప్పొంగింది. చిలకల నుంచి మొదలుపెట్టబోయాడు. సిరాజుద్దీన్ ముందుకొచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. జీవితంలో మొదటిసారి, తప్పు ఎవరిదీ కాదనే తీర్పు ఆయన నాలుక మీదికి రాలేదు.

"మేడం, నేను చెబుతానండి. చెట్టు మా బావగారిదే. తొర్ర ఉందని ఆయనకీ తెలుసు, కారు పెట్టేముందు నేనూ చూశాను. నా బండి ఎండలో ఉంటే ఆయన అన్నం తినరు, అందుకని పెట్టమన్నారు. ఆయన్ని కాదనలేక నేను పెట్టాను. తప్పంటూ ఉంటే చెరి సగం రాయండి. ఆయనొక్కడి మీద రాస్తే మాత్రం, ఆ క్లెయిమ్ నాకొద్దండి. కారు అలాగే ఉండనివ్వండి."

గంగాధరరావు తన చెయ్యి విడిపించుకోలేదు. అప్పుడు గాని ఆయనకు, పొద్దుట్నించీ సిరాజుద్దీన్ దేనికి భయపడుతున్నాడో అర్థం కాలేదు.

"మీరు పెట్టిన రాజీ బాగానే ఉంది గానీ," అంది క్యాథరిన్, "నన్ను కాస్త చెట్టును కూడా అడగనివ్వండి."

చెప్పులు విడిచి కాండం మీదికెక్కింది. తొర్ర దాకా నడిచి, లోపలికి టార్చి వేసింది. దిగి వేళ్ళ దగ్గరికి వెళ్ళింది. ఇంటి చూరంత ఎత్తున మట్టి ముద్దతో లేచిన వేళ్ళను చేత్తో విరిచి చూసింది. పచ్చిగా ఉన్నాయి. కాలవ వైపు గట్టు జారిన చోట కొలిచింది.

"పుచ్చు వల్ల పడుంటే తొర్ర దగ్గర విరగాలండి. అక్కడ చెక్కు చెదరలేదు. వేళ్ళు బాగున్నాయి. నానిన గట్టు మట్టి పట్టు వదిలేసింది, గాలి తోసింది. నిన్నటి గాలికి మండవల్లి దాకా స్తంభాలే ఒరిగాయి. తొర్రకీ దీనికీ సంబంధం లేదు."

"అంటే?" అన్నాడు సిరాజుద్దీన్.

"గాలివాన నష్టం. పాలసీలో వస్తుంది. తప్పు ఎవరిదీ కాదు."

తన వృత్తి జీవితమంతా తాను ఉచితంగా పంచిన మాట తనకెవరైనా తిరిగి ఇవ్వడం ఆయనకదే మొదలు. కళ్ళు తుడుచుకున్నాడు. కానీ గంగాధరరావు సంగతి ఇంకా తేలలేదు.

"ఎవరిదీ కాదా అమ్మా?" అన్నాడు దిగులుగా. "మరి చెట్టూ?"

క్యాథరిన్ ఆయన ముఖంలోకి చూసింది. డెల్టాలో చాలా చెట్లు చూసినావిడ. "తప్పు ఎవరిదీ కాదండి. చెట్టు మీదే."

"విన్నారా దేవరాజు గారూ?"

"విన్నానండి. తప్పు ఎవరిదీ కాదన్నారా?" దేవరాజు గొంతులో ఏదో పోగొట్టుకున్నవాడి జీర. "మా తాత నీళ్ళు పోసిన మాట మాత్రం నిజమండి," అన్నాడు.

"పోశారండి. నేనెప్పుడు కాదన్నాను?" అన్నాడు గంగాధరరావు. గెలిచినవాడికి ఆ మాత్రం ఔదార్యం చెల్లుతుంది.

వానాకాలం నాట్లు అయ్యాక, కొత్త కప్పు వేయించుకున్న కారుతో సిరాజుద్దీన్ దంపతులు మళ్ళీ ముదినేపల్లి వెళ్ళారు. అడ్డం పడ్డ చెట్టు పోయింది. ఆయన ఈసారి జాగ్రత్తగా గడ్డివాము పక్కన బ్రేకు వేశాడు.

"అక్కడేంటండీ బావగారూ! నీడలో పెట్టండి!"

చూస్తే, చెట్టున్న చోట నాలుగు సర్వీబాదు గుంజల మీద కొత్త తాటాకు పందిరి. కింద సరిగ్గా ఒక కారు పట్టేంత చోటు, పక్కన ఆ నిద్రగన్నేరు చెక్కతోనే చేయించిన ఒక బల్ల. బల్ల మీద సీటు లేదు. అది ఎవరి కోసం అలా వదిలేశారో సిరాజుద్దీన్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు. వెనక డిక్కీలో మెరూన్ రెగ్జిను ఎంత మిగిలుందో మనసులో లెక్క వేసుకుంటూ కారును లోపలికి పోనిచ్చాడు.

షహనాజ్ దిగి, కొంగు కింద నవ్వు దాచుకుంటూ పైకి చూసింది.

"ఏవండీ అన్నయ్యగారూ, ఇంతకీ ఈ పందిరి ఎవరిదండీ?"

గంగాధరరావు నోరు తెరిచేలోపే ప్రహరీ అవతల్నించి సమాధానం వచ్చింది.

"ఆయనదేనమ్మా! కావాలంటే ఇప్పుడే రాసిచ్చేస్తాను!"